దేవుడి చెక్కలో జమీందారు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇప్పుడు ఏడాదికేడాదీ తెలియనివే పెరుగుతున్నాయి గానీ, ఇరవై దాటిన కొత్తలో, గిరిమిట్టు తెగి, ఫిజీలో లంబాసా నది పక్కన కౌలుకు కాస్త నేల చేతికొచ్చి, ఆదివారం నాడు నలుగురి ముందు నిలబడి వాక్యం చదివే పని కూడా నాకే దక్కాక, ఈ భూమ్మీద నాకు నేర్పగలిగినవాడు ఇంకెవడైనా మిగిలాడా అనిపించేది. మీసం సరిగ్గా రాలేదు గానీ మెలేయడం మాత్రం వచ్చేసింది. సంఘాన్ని ఎలా నడపాలి, సేవకుడంటే ఎలా ఉండాలి అని ఇప్పటి కుర్ర ఉపదేశులు నా దగ్గరికొచ్చి అడుగుతుంటారు. నేను పెద్ద పెద్ద మాటలేవీ చెప్పను, కత్తి మామ ఎద్దు కథ చెబుతాను. (రాసింది చదివి వినిపిస్తుంటే మా ఇంటావిడ, "తప్పు ఎద్దుది కాదు, అది కూడా రాయి" అంటోంది. ఆవిడ మాటలన్నీ ఇలా బ్రాకెట్లలో పెట్టేస్తాను. పెట్టకపోతే ఈ పూట నాకు అన్నం ఉండదు.)

గిరిమిట్టు అంటే ఇప్పటి పిల్లలకి తాతల నాటి మాట అయిపోయింది. ఒప్పందం కాగితం మీద వేలిముద్ర వేసి, ఓడెక్కి ఫిజీ వచ్చి, ఐదేళ్ళపాటు తెల్లదొరల చెరకు తోటల్లో చాకిరీ చేయడం. ఓడెక్కే ముందు డిపోలో అరచేతులు చూసేవారు. కాయలు కాచి ఉంటే రైతు, లేకపోతే ఇంటికి పో. నేనేమో మిషను బోర్డింగు బడిలో పలక పట్టుకుని పెరిగినవాణ్ణి, నా అరచేతులు పెళ్ళికూతురి చేతుల్లా ఉండేవి. అందుకని ముందు రోజంతా ఇటుక ముక్క పెట్టి బరబరా రుద్దుకున్నాను. గుమాస్తా నా చేతులు తిప్పి చూసి, "ఏం పంట వేసేవాడివి?" అన్నాడు. "అన్ని పంటలూ" అన్నాను. ఆ ధీమా చూసే పంపించేసి ఉంటాడు. ఇటుక పెట్టిన ఆ రైతుతనం లంబాసాలో మొదటి వారానికే ఊడిపోయింది. తోట మీద పెత్తనం చేసే తెల్లదొరని మేమందరం కులంబరు అనేవాళ్ళం, ఆయన నన్ను చూసినప్పుడల్లా నెత్తి కొట్టుకునేవాడు. అయినా ఆ ఐదేళ్ళలో చెరకు కొట్టడం నేర్చుకున్నాను. కొట్టడమే నేర్చుకున్నాను, పెంచడం కాదు. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు, సంఘపెద్దలు మరీను.

గిరిమిట్టు తీరి సొంతంగా బతికేవాళ్ళని అక్కడ 'ఖులా' అనేవారు. అలా ఖులా అయిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు కొన్ని నది ఒడ్డున ఒకచోట చేరాయి. మాకు గుడి లేదు, ఉపదేశి లేడు. ప్రార్థనలు కత్తి మామ ఇంటి పంచలో జరిగేవి. చెరకు కొట్టే కత్తి ఆయన చేతిలోంచి ఎన్నడూ దిగేది కాదు కాబట్టి ఆయనకా పేరు. ప్రార్థనలో కూడా పక్కనే పెట్టుకుని కూర్చునేవాడు, ఆమెన్ అనేటప్పుడు కూడా ఒక చెయ్యి పిడి మీదే ఉండేది. మా అందరిలోకీ గట్టి రైతు ఆయనే. చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను 'వాక్యం బాబు' అనేవారు. మామకొక కూతురుంది. తక్కువ మాట్లాడేది, నా ప్రసంగంలో నవ్వకూడని చోట నవ్వేది. నేను ప్రసంగం చెప్పింది సంఘానికే గానీ, గొంతు పెంచింది మాత్రం ఎప్పుడూ ఆ పిల్ల కూర్చున్న వైపే. ("ఆ గొంతుకి మా కోళ్ళు గుడ్లు పెట్టడం మానేశాయి.")

నా తరఫున వెళ్ళి పిల్లనడగడానికి ఈ దీవిలో నాకు అమ్మా నాన్నా లేరు. నేనే చొక్కా ఉతుక్కుని, తల దువ్వుకుని, ఒకరోజు పొద్దున్నే వెళ్ళి అడిగేశాను. మామ కత్తి పదును పెట్టడం ఆపకుండానే విన్నాడు. "సదువొచ్చు, మాటొచ్చు. బాగానే ఉంది బాబూ. ఏటి పెంచగలవో సూడకుండా పిల్లనెలా ఇచ్చీడం?" అని, కత్తి మొన నది వైపు చూపించాడు. "దేవుడి సెక్క నీకొదిలేస్తన్నాను. కోతల దాకా దాన్ని నిలబెట్టు. ఒక్క సెరకు గెడ పడినా పిల్ల నేదు. అచ్ఛా?" అన్నాడు. అచ్ఛా అని గట్టిగా తల ఊపాను. చెక్క అంటే పొలం ముక్క, దేవుడి చెక్క అంటే మేమంతా కలిసి గుడి కోసమని వేసుకున్న చెరకు. అందరూ వంతులవారీగా చాకిరీ చేసేవారు గానీ, అందరిదీ అయిన పని ఎవరిదీ కాదన్నట్టే నడిచేది. అప్పటికి చెరకు తలెత్తు పెరిగింది. ముందున్నదేమో గాలివానల కాలం. ఫిజీలో గాలివాన వచ్చిందంటే కొబ్బరి చెట్టుకే దిక్కు లేదు, చెరకెంత?

దానికి మన ఊళ్ళలో ఎప్పట్నుంచో ఉన్న ఉపాయం జడచుట్టు. దుబ్బులోని గెడల కింది ఆకుల్ని, సగం ఎండినవి సగం పచ్చివి కలిపి, ఆడపిల్లకు జడ అల్లినట్టు పేని, ఆ గెడల్నే ఆ ఆకులతో కట్టేయడం. ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. తెల్లదొరల తోటల్లో ఎవరూ చేయించలేదు గానీ మావాళ్ళు సొంత నేల మీద చేసుకునేవారు. మామ ఒక దుబ్బుకి కట్టి చూపించి, "వదులుగా కట్టు, గెడ ఎదగాల" అని వెళ్ళిపోయాడు. మొదటి సాలు అలాగే కట్టాను. రెండో సాలు కడుతుండగా నాకు వెలుగొచ్చింది. ఆ రోజుల్లో నాకు రోజూ వెలుగొచ్చేది. గెడని గెడతో కడితేనే ఇంత బలం ఉంటే, సాలుని సాలుతో కడితే ఎంత బలం! సంఘమన్నా అంతే కదా! అందర్నీ ఒకటిగా కట్టేస్తే ఏ గాలి పడగొడుతుంది? అంతే, వారం రోజులు తిండి కూడా మర్చిపోయి, ఈ సాలు గెడల్ని వంచి ఆ సాలు గెడలతో, ఆ సాలువి ఇంకో సాలుతో కట్టుకుంటూ పోయాను. బలంగా కట్టాను. నడిచే దారులన్నీ పైన మూసుకుపోయి చెక్కంతా ఒకే పందిరి అయిపోయింది. నది వైపు చివర మాత్రం బురదగా ఉందని కట్టకుండా వదిలేశాను.

ఆదివారం నాడు సంఘాన్ని ఆ గట్టు మీదికి తీసుకెళ్ళి, "చూడండి, ఐక్యత అంటే ఇది!" అని చెయ్యి చాచి ప్రసంగం మొదలుపెట్టాను.  మామ వంగి లోపలికి చూసి, నడుం మీద చెయ్యేసుకుని లేచాడు. "బాబూ, ఇది తోటా, పెళ్ళిపందిరా? నోపలికెళ్ళి సూడాలంటే పాకాలా?" అన్నాడు. నేను నవ్వి, "లోపలికెళ్ళే అవసరమే రాదు మామా. బయట్నుంచే అంతా కనబడుతుంది" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి గానీ, అప్పుడు మాత్రం ఎంత బాగా చెప్పానో అనుకున్నాను. రోజూ సాయంత్రం గట్టు మీద చేతులు వెనక్కి కట్టుకుని ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచేవాణ్ణి. పచ్చగా, నిండుగా, కదలకుండా ఉండేది. సంఘం బాగుంది అనుకుని ఇంటికెళ్ళిపోయేవాణ్ణి.

మాకొక ఉపదేశిని పెట్టడానికి మిషను పాదిరి దొర వస్తున్నాడని కబురొచ్చిన వారంలోనే మామ ఎద్దు తప్పిపోయింది. దాన్ని మేమంతా జమీందారు అనేవాళ్ళం, దానికి బుద్ధి పుడితేనే కాడి మోసేది. అది లేకపోతే మామకు దుక్కి లేదు, బండి లేదు. నది అవతలంతా వెతికారు, అడవి అంచు దాకా వెళ్ళొచ్చారు, ఫిజియన్ల ఊరికి వెళ్ళి వాళ్ళ మర్యాద ప్రకారం యంగోనా వేళ్ళ రసం తాగి వాళ్ళనీ అడిగొచ్చారు. ఎక్కడా లేదు. అప్పుడు మామ అనుమానం చేపల బావ మీదికి పోయింది. చేపల బావ పక్క చెక్క రైతు, వల పట్టుకుని నదిలో దిగాడంటే పొలం మాట మర్చిపోయేవాడు. కిందటి నెల జమీందారు ఆయన వంగమొక్కలు మేసేస్తే, "మళ్ళీ వస్తే కాళ్ళిరగ్గొడతాను" అని అందరి ముందూ అన్నాడు. "ఆడే తోలీసేడు, ఇంకెవుడు?" అని మామ, "నా ఇంట దీపం సాచ్చిగా నాకు తెలీదు, నన్ను దొంగనంతావా?" అని చేపల బావ. రెండిళ్ళ ఆడవాళ్ళూ నీళ్ళ రేవు దగ్గర మొహాలు తిప్పుకున్నారు. ఐక్యత గురించి ప్రసంగం చెప్పి నెల తిరక్కుండానే నా సంఘం నిలువునా చీలింది. నేనేం తగ్గుతానా? "నేను ప్రార్థన చేశాను. దేవుడే చూపిస్తాడు" అని ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి మరీ చెప్పొచ్చాను. మామ నాకేసి అదోలా చూశాడు. "ఇంక ఉపదేశి పని నీకిమ్మని దొరకి ఎలా సెప్పేది? ఇద్దర్ని కూకోబెట్టి మాటాడించలేకపోయేవు" అన్నాడు. అది మాత్రం గుండెలో ముల్లులా దిగింది. ఉపదేశి పని పోతే పోయింది, మామకు నామీద నమ్మకం పోతే ఆ పిల్ల కూడా పోయినట్టే.

పాదిరి దొర గుర్రం మీద వచ్చాడు. హిందీ బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని మాట్లాడేవాడు. మామ పంచలో కూర్చోనని చేపల బావ భీష్మించాడు కాబట్టి, ఎవరి ఇల్లూ కాని చోటని దేవుడి చెక్క గట్టు మీదే ప్రార్థన పెట్టాం. మామ వర్గం ఇటు, బావ వర్గం అటు, మధ్యలో దొర. ఆ పిల్ల వాళ్ళ నాన్న వెనక కూర్చుంది. నేను ముందుగానే ఎంచి పెట్టుకున్న కథ తప్పిపోయిన గొర్రెది. చెరకు తోటకి వీపు పెట్టి నిలబడి, గొంతెత్తి, "కాపరి ఏం చేశాడు? ఊరుకున్నాడా? కొండలెక్కాడు! లోయలు దిగాడు! నా గొర్రె ఎక్కడా అని కేకేశాడు! ఎక్కడా..." అని చేతులు రెండూ చాచి ఆగాను. అక్కడ ఆగితే జనం కళ్ళు చెమ్మగిల్లుతాయని నా లెక్క. అప్పుడు నా వెనక, తోట నడిమధ్యలోంచి, కడుపునిండా తిన్నవాడు బద్ధకంగా బదులిచ్చినట్టు, "అంబా" అని వినిపించింది.

ముందు నవ్వింది ఎవరో చెప్పక్కర్లేదు. ("నేనే. ఇప్పటికీ ఆదివారం ప్రార్థనలో గుర్తొస్తే నోరు నొక్కుకుంటాను.") తర్వాత చేపల బావ కిందపడి దొర్లాడు. మామ లేచి నిలబడ్డాడు. జమీందారు బురద వైపు నుంచి దూరింది. లోపల రెండు పక్కలా చెరకాకే, పైన నీడ, కింద సాళ్ళలో వాన నీళ్ళు. అరవాల్సిన అవసరం ఏముంది? మేసుకుంటూ మధ్యకెళ్ళాక కొమ్ములు నా జడచుట్టులో చిక్కుకున్నాయి. ఊరంతా దాని కోసం తిరుగుతుంటే, నేను రోజూ సాయంత్రం చేతులు వెనక్కి కట్టుకుని దాని పక్కనుంచే నడిచాను. దొర వంగి ఆ పచ్చని పందిరి లోపలికి చూశాడు. "ఈ కౌన్ చీజ్ హై?" అంటే ఇదేమిటని హిందీలో అడిగి, నేను చెప్పేలోపే తనకే అర్థమైపోయింది కాబోలు, తెలుగులో నెమ్మదిగా, "మంచి కప్పు వేశావు. గుమ్మం మర్చిపోయావు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

గెడలు నరికి ఎద్దుని తీద్దామని ఎవరో అంటే మామ కత్తి అడ్డం పెట్టాడు. "దేవుడి సెరకు మిల్లుకి పోవాల. ఒక్క గెడ కొట్టడానికి నేదు. కట్టినోడే ఎల్లి తీసుకురావాల." కట్టినోణ్ణి నేనే కదా! చొక్కా నడుముకి బిగించి, చేతులూ మోకాళ్ళూ నేల మీద ఆనించి దూరాను. చెరకాకు అంచు రంపంలా కోస్తుంది, నూగు మెడలోకి జారి దురద పెడుతుంది, పైన చెయ్యెత్తి గోక్కోడానికి చోటు ఉండదు. ఎంత గట్టిగా కట్టానో అప్పుడు తెలిసింది. గెడలన్నీ వంకర తిరిగి, వెలుతురు లేక కింది కణుపులు పాలిపోయి, ఊపిరాడని జనంలా ఒకదాని మీదొకటి వాలి ఉన్నాయి. బయట్నుంచి చూస్తే ఇవేవీ కనబడవు. నన్ను చూడగానే జమీందారు బుస్సుమని కొమ్ములు విదిలించింది, తోటంతా ఊగింది. బయట మామ కేకలు. "ఆగండి, అది నా మాటే ఇంటాది" అన్న గొంతు వినబడింది. చూస్తే ఆ పిల్ల అవతలి వైపు నుంచి, చీర కొంగు బొడ్లో దోపుకుని, పాక్కుంటూ వస్తోంది.

ఆ కాలంలో పెళ్ళికాని పిల్లా పిల్లాడూ ఒంటరిగా రెండు మాటలు చెప్పుకునే చోటు మా ఊళ్ళో ఎక్కడా లేదు. నా తెలివితక్కువతనం పుణ్యమా అని ఒకటి తయారైంది. ఎద్దు తలకి అటు ఆమె, ఇటు నేను. ఆమె దాని నుదురు నిమురుతూ, "కదలకు నాయినా" అంటుంటే ఒక్క క్షణం నాతోనే అందనుకున్నాను. లోపల నిశ్శబ్దం భరించలేకేమో, బయట దొర కీర్తన ఎత్తుకున్నాడు, అందరూ అందుకున్నారు. ఆ పిల్ల నా ముళ్ళ వైపు చూసి, "కట్టడం బాగానే నేర్సేవు వాక్యం బాబూ. ఇప్పడం వచ్చా?" అంది.  ఒక ముడి పట్టుకుని లాగితే ఇంకోటి బిగుసుకుంది. "అటు కాదు. ఏ ముడి ఆఖర్న ఏసేవో అదే ముందు ఇప్పు" అని ఆమె, సరేనని నేను. బయట్నుంచి మామ, "ఏటి, నోపల సప్పుడు నేదు?" అని అరిచాడు. "ముడులిప్పుతున్నాం నాన్నా!" "నువ్వు ఎద్దుని ఒట్టుకో, ఆణ్ణి ఇప్పమను!"

ముళ్ళు విప్పుతూ నేనే ధైర్యం చేసి, "మీ నాన్న చెప్పాడా? ఈ తోట నిలబెడితే నిన్నిస్తానన్నాడు" అన్నాను. ఆమె చెయ్యి ఆగింది. "నిన్నడిగేడు, తోటనడిగేడు. నన్నెవురూ అడగనేదు" అంది. ఆ మాట చాలా మామూలుగా అంది, అందుకే నాకు ఎక్కువ తగిలింది. గొంతు పెంచి ప్రసంగాలు చెప్పినవాణ్ణి, అడగడం మాత్రం తోచలేదు. "ఇప్పుడడుగుతున్నాను" అన్నాను. "ముందా కొమ్ముకాడ ముడి ఇప్పు" అంది. విప్పాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, వంగి ఉన్న గెడల్ని చేత్తో తోసి, "ఇదిగో, ఈ సాలు దారంతా ఇప్పీ. నాను వొంగకండా నడిసే దారి ఒకటుండాల. ఉంటే వస్తాను" అంది. ("అలాగే అన్నాను. ఆ మాట మీదే ఉన్నాను.") నది వైపు నుంచి గట్టు దాకా ఆ దారి మీదున్న ముడులన్నీ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చాం. పైన ఆకాశం కొంచెం కొంచెంగా తెరుచుకుంది. బయట వాళ్ళు కీర్తనలోని చరణాలన్నీ అయిపోయి మళ్ళీ మొదటికొచ్చారు. చివరికి జమీందారు పెళ్ళికొడుకులా నెమ్మదిగా, దాని వెనక మేమిద్దరం ఒంటినిండా నూగుతో, నిటారుగా నడుచుకుంటూ బయటికొచ్చాం. మామ ఎద్దునీ, నన్నూ, కూతుర్నీ వరసగా చూసి, నా మీద పడతాడనుకున్నాను గానీ, చేపల బావ దగ్గరికెళ్ళి కత్తి కింద పెట్టి, రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆయన కత్తి కింద పెట్టడం చూసింది నేనదే మొదటిసారి.

మిగతా సాళ్ళవి కూడా తర్వాత వదులు చేశాను. ఆ ఏడు గాలివాన రానే వచ్చింది. ఒక పగలంతా విరుచుకుపడింది. తెరిపిచ్చాక నేను పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి మామ అప్పటికే చెక్కలోకి దిగి, మేం విప్పిన దారిలో నడుస్తూ ఒక్కో సాలూ చూసుకుంటున్నాడు. తోట నిలబడింది. వాలింది, నలిగింది, కానీ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడింది. నడిమధ్యలో మాత్రం ఒకే ఒక్క గెడ నేలకి ఒరిగిపోయి ఉంది. ఒక్క గెడ పడినా పిల్ల లేదన్నాడు కదా!  మామ ఆ గెడని చూశాడు. అటూ ఇటూ చూశాడు. కత్తి చంకలో పెట్టుకుని, వంగి, దాన్ని లేపి, పక్క దుబ్బుకి ఆనించి, రెండాకులు పేని వదులుగా జడ చుట్టాడు. లేచి తిరిగేసరికి ఎదురుగా నేనున్నాను. "ఏటి సూస్తన్నావ్? ఏదీ పడనేదు" అని గట్టిగా అని, నా భుజం మీద ఒకటి చరిచి వెళ్ళిపోయాడు. సంఘాన్ని నడపడం గురించి నేను నేర్చుకున్నదంతా ఆ చరుపుతోనే నా ఒంట్లోకి దిగిందనుకుంటాను. కోతలయ్యాక దొర వచ్చి పెళ్ళి చేశాడు, ఉపదేశి పని కూడా నాకే ఇచ్చాడు. నేను బాగానే చేశాను, అబద్ధమెందుకు? ఎవరి ఇంట్లో ఏ బాధ ఉందో గట్టు మీద నుంచి చూసి రాలేదు, లోపలికి వెళ్ళాను. ఎన్నో ముళ్ళు వేశాను, అంతకంటే ఎక్కువ విప్పాను.

ఇప్పుడు ప్రసంగాలు కుర్రవాళ్ళు చెబుతున్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, ఆమెన్ అనమంటారు. కర్ర పట్టుకుని ఆ నది పక్కకి వెళితే చెరకు ఇంకా అలాగే తలెత్తుకుని నిలబడి ఉంటుంది, నేనే వంగిపోయాను. మొన్న ఇంటికొచ్చి మా ఆవిడతో, "నా నడుం ఎంత ఒంగిపోయిందో చూశావా? ఇప్పుడైతే ఆ పందిరి కింద పాకనక్కర్లేకుండా నడిచే పోగలను" అన్నాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ తలెత్తలేదు. "ఎల్లేటప్పుడు నన్ను కూడా పిలు. నా నడుమూ ఒంగింది" అంది.